ముప్పై మూడో గంటకు ముందు

మే 4, ఆదివారం

పెట్టె తయారైంది. చేపల కొట్టు వాళ్లు పారేసే పెద్ద థర్మోకోల్ పెట్టె, లోపల రెండు 40 వాట్ల బల్బులు, పాత కంప్యూటర్లోంచి పీకిన ఫ్యాను, ఓ చిన్న థర్మోస్టాట్ బోర్డు, తేమ కోసం గిన్నెలో నీళ్లు. 37.8 డిగ్రీల దగ్గర సెట్ చేశాను. మధ్యాహ్నం బ్రాడీపేటలో మా వెనక వరండా వేడే 39 ఉంది. బల్బులు వెలగనే లేదు. మే నెల గుంటూరులో గుడ్లకు వేడి పెట్టె కట్టడం ఏటి ఒడ్డున బావి తవ్వడమేనంది అమ్మ. నవ్వేసి ఊరుకున్నాను.

ఇదంతా ఎందుకు మొదలైందో రాసి పెట్టుకోవాలి. డిగ్రీ పిల్లలకు ఏటా కోడిపిండం స్లైడ్లు చూపిస్తాను. 24 గంటలది, 33 గంటలది, 48, 72. నేను చదువుకునే రోజుల నుంచీ ఇవే. ఈసారి రెండో సంవత్సరం పిల్ల ఒకతి 33 గంటల స్లైడు మీదనుంచి తల ఎత్తకుండా అడిగింది: "మేడం, ఇది గుండె కొట్టుకుంటుండగా చచ్చిందా, కొట్టుకోవడం మొదలుకాకముందే చచ్చిందా?"

గుండె కొట్టుకోవడం మొదలయ్యేది పుస్తకంలో "33–38 గంటలు" అని ఉంది. ఆ స్లైడు సరిగ్గా గడప మీద నిలబడింది. ఇరవై ఏళ్లుగా దాన్ని చూపిస్తున్నాను గానీ ఆ ప్రశ్న నాకు తట్టలేదు. సెలవుల్లో చూద్దాం రమ్మన్నాను. నల్లపాడు నుంచి ఆటోలో వస్తోంది.

మే 6

గుడ్లు వచ్చాయి. కిరాణా కొట్లో ట్రేల్లో అమ్మే తెల్ల గుడ్లు దీనికి పనికిరావు. ఫారాల్లో పెట్టలే గానీ పుంజులుండవు కాబట్టి వాటిలో పిండమే ఉండదు. నారాకోడూరు దగ్గర దొడ్లో నాటుకోళ్లు పెంచే ఒక పెద్దావిడ దొరికింది. "పుంజు తిరిగే దొడ్డేనమ్మా, అన్నీ పిల్లలయ్యే గుడ్లే" అని ఒక్కొక్కటీ చెవి దగ్గర ఊపి చూసి మరీ ఇచ్చింది. డజను అడిగితే పదమూడు ఇచ్చింది. పొదగేసేటప్పుడు బేసి లెక్కే పెట్టాలట. అమ్మ కూడా అదే మాట. ఇద్దరు పెద్దవాళ్లు ఒకే మాటంటే సైన్సు మేడం ఏం చేస్తుంది, పదమూడూ పెట్టాను.

మేం వెనక్కి నడవాలనుకున్నాం. ముందు 72 గంటల గుడ్డు, తర్వాత 48, తర్వాత 33, ఆపైన 24. కొట్టుకునే గుండెను పట్టుకుని, అది మొదలైన చోటికి వెనకడుగులు వేయడం. నాలుగో రోజు దాటి ఏ గుడ్డునూ ఉంచకూడదన్నది ఇద్దరం పెట్టుకున్న నియమం.

మే 9

72 గంటలు. గుడ్డును అరగంట సేపు పక్కకు పడుకోబెడితే పిండం తేలి పైకొస్తుంది. సన్నటి కొన దగ్గర చిల్లు పెట్టి, సిరంజితో 3 మిల్లీలీటర్ల తెల్లసొన లాగేస్తే పిండం పెంకుకు దూరంగా దిగుతుంది. పైన సెల్లోటేపు అంటించి కత్తెరతో కిటికీ కోయాలి. టేపు మర్చిపోయిన మొదటి గుడ్డులో పెంకు ముక్కలన్నీ పిండం మీద పడ్డాయి.

రెండోదాంట్లో కనిపించింది. పచ్చసొన మీద ఎర్రటి రక్తనాళాల వల, మధ్యలో ఆవగింజంత ఎర్రచుక్క ఎగిరెగిరి పడుతోంది. ఆ పిల్ల నోట మాట రాలేదు. అమ్మ వచ్చి చూసి "పాపం" అని వెళ్లిపోయింది. మళ్లీ వచ్చి ఇంకోసారి చూసింది.

లెక్కపెట్టాం. నిమిషానికి 118. ఫ్యాను తిరుగుతోందని మర్చిపోయాం; నాలుగు నిమిషాల తర్వాత చూస్తే 74. గుడ్డు చల్లబడే కొద్దీ గుండె మెల్లబడుతుంది. ఫ్యాను ఆపి, గోరువెచ్చని నీళ్ల గిన్నెలో గుడ్డును నిలబెడితే మళ్లీ 110 దాటింది. ఇకనుంచి ప్రతి లెక్క పక్కనా ఉష్ణోగ్రత రాయాలి.

మూడో రోజున రక్తపు చుక్కలా గుండె ఎగురుతూ కనిపిస్తుందని అరిస్టాటిల్ దాదాపు 2300 ఏళ్ల కిందటే రాశాడు. మైక్రోస్కోపు లేకుండా. పొదిగించిన గుడ్లను రోజుకొకటి చొప్పున పగలగొట్టి చూడాలన్న ఆలోచన ఆయనకన్నా ముందే, హిప్పోక్రటీస్ పేరిట ఉన్న ఒక గ్రీకు వైద్య గ్రంథంలో ఉంది. మేం చేస్తున్నది కూడా అదే, కాకపోతే తిరగేసి.

మే 12

48 గంటలు. నాలుగు గుడ్లలో మూడు బాగున్నాయి. గుండె ఇంకా ఒంటి గొట్టమే, కుడివైపుకు వంకర తిరిగింది. వెనక కొన నుంచి రక్తం లోపలికొస్తుంది, ముందు కొన నుంచి బయటికెళ్తుంది. వెనక భాగం రేపటి కర్ణికలు (గుండె పై గదులు), మధ్యలో ఉబ్బింది జఠరిక (కింది గది). 37 డిగ్రీల దగ్గర లెక్క 96, 101, 94.

ఇందులో వింతేమీ లేదు, ముందుకెళ్లాలి. అంటే వెనక్కి.

మే 15

33 గంటల గుడ్లు తెరిచాం. ఐదింటిలో నాలుగింట్లో గుండె వంకర తిరిగి, హాయిగా కొట్టుకుంటోంది, రక్తం పారుతోంది. నా చేతిలో ఉన్నది 33 గంటల పిండమా, రెండు రోజులదా!

వెన్నుకు అటూ ఇటూ ఇటుకల్లా పేర్చినట్టు కనిపించే కణాల గుంపులు, సోమైట్లు, లెక్కపెట్టాం. 17 జతలు. 33 గంటలకు 8, 10 మధ్య ఉండాలి. ఇద్దరం చాలాసేపు బుర్ర గోక్కున్నాం. చివరికి తేల్చింది అమ్మే: "ఆవిడ మూడు రోజులు పోగేసి ఇచ్చిందిగా గుడ్లు. ఈ ఎండల్లో బుట్టలోనే సగం పొదిగుంటాయి."

అంతే. కోడిపిండం పెరగడానికి కోడిపెట్టే పొదగాలని లేదు, వెచ్చదనం చాలు. నలభై డిగ్రీల వరండాలో గంపలో ఉన్న గుడ్డుకు గడియారం అప్పుడే మొదలైపోయింది. నేను పెట్టెలో పెట్టినప్పుడు సున్నా అనుకున్నాను. ఏటి ఒడ్డున బావి సామెత ఇప్పుడు అర్థమైంది.

రెండు మార్పులు చేశాం. ఒకటి, తెల్లవారుజామునే వెళ్లి ఆ పూట పెట్టిన గుడ్లే తేవడం. ఇంటికి రాగానే తడి ఇసుక పోసిన కుండలో, ఏసీ గదిలో, 17 డిగ్రీల దగ్గర ఉంచి అన్నిటినీ ఒకేసారి పెట్టెలోకి మార్చడం. రెండు, గంటలు నమ్మడం మానేసి సోమైట్లే లెక్కపెట్టడం. హాంబర్గర్, హామిల్టన్ అనే ఇద్దరు 1951లో కోడిపిండం దశలకు ఇచ్చిన లెక్క కూడా గంటల మీద కాకుండా ఆకారం మీద ఆధారపడిందే. ఆ పట్టిక క్లాసులో ఎన్నిసార్లు బోర్డు మీద గీశానో. ఎందుకలా పెట్టారన్నది ఎండ చెప్పాల్సి వచ్చింది.

మే 19

ఈ రోజు కోసమే ఇంత.

36 గంటలు, 9 సోమైట్లు. తల దగ్గర, కుడి ఎడమల నుంచి వచ్చిన రెండు పల్చటి గొట్టాలు మధ్యలో కలిసి ఒకటయ్యాయి. రక్తం లేదు, ఎరుపు లేదు, గాజులా ఉంది. మైక్రోస్కోపు కింద ఇరవై నిమిషాలు చూశాం. ఏ కదలికా లేదు. పిల్ల కళ్లు నొప్పంటే నేను కూర్చున్నాను.

కుడివైపు గోడ ఒక్కసారి అదిరింది. నా ఊపిరి తగిలి కదిలిందేమో అనుకున్నాను. ఊపిరి బిగపట్టి చూశాను. ఎంతసేపో తెలియదు. మళ్లీ అదిరింది, అదే చోట. తర్వాత మూడుసార్లు వెంటవెంటనే, తర్వాత చాలాసేపు ఏమీ లేదు. తాళం లేదు, లెక్క లేదు. గొట్టం అంతా కాదు, ఆ కుడి పక్క కాస్త మేర మాత్రమే.

గంటన్నర తర్వాత అదే గుడ్డులో అది నిలకడగా, నిమిషానికి 30 దాకా వచ్చింది.

తోయడానికి లోపల ఇంకా పారే రక్తమే లేదు. రక్తప్రసరణ దాదాపు 16, 17 సోమైట్ల దగ్గర గానీ మొదలుకాదు. అంటే పని రాకముందే పనివాడు చెయ్యి ఆడిస్తున్నాడు. ఈ మాట రాస్తుంటే ఆ పిల్ల అంది: "అయితే మేడం, కొట్టుకోవడం రక్తం కోసం కాదన్నమాట. ఆ కణాలకు వేరే ఏదో తెలుసు."

మే 20

తాళాలు తీసుకుని కాలేజీకి వెళ్లాం. ల్యాబులో దుమ్ము. 33 గంటల స్లైడు తీసి సోమైట్లు లెక్కపెట్టాం. ఆమె 12 అంది, నేను 12 అన్నాను. అదురు 9 దగ్గరే మొదలైంది కదా, అంటే ఇది కొట్టుకుంటుండగానే చచ్చింది. ప్రశ్నకు జవాబు దొరికింది.

కానీ దొరికిన జవాబు పెద్ద పనికొచ్చేది కాదని ఆటోలో తిరిగొస్తూ ఇద్దరికీ తెలిసిపోయింది. 1981లో జపాన్ శాస్త్రవేత్తలు కరెంటు మార్పుకు వెలుగు మార్చే రంగు వాడి చూస్తే, 7, 8 సోమైట్ల దశలోనే, అంటే ఏ కదలికా లేనప్పుడే, ఆ కణాల్లో విద్యుత్ మిణుకులు కనబడ్డాయి. ఆ మిణుకు పుట్టాలంటే కణం పొరలో దానికి తగిన ద్వారాలు ముందే తయారై ఉండాలి. అదరాలంటే సంకోచించే ప్రోటీన్లు పేర్చుకుని ఉండాలి. వాటికి జన్యువులు ఇంకా ముందే తెరుచుకుని ఉండాలి. మనం చూసిన అదురు, ఎప్పుడో అయిన నిశ్చితార్థానికి ఇప్పుడు మోగిన బాజా.

మే 22

24 గంటల గుడ్లు. ఏమీ కనిపించలేదు, నిజంగానే. పచ్చసొన మీద పాలిపోయిన మచ్చ, దాని మధ్యలో ఓ గీత.

కనిపించడానికి పిండం కిందికి నల్ల ఇంకు ఎక్కిస్తారు. స్టేషనరీ కొట్లో డ్రాయింగు ఇంకు తెచ్చి, సెలైన్లో కలిపి, ఇన్సులిన్ సూదితో ఎక్కించాను. నలుపు మీద తెల్లగా అద్భుతంగా తేలింది. తెల్లవారేసరికి ఆరు పిండాలూ పోయాయి. ఆ ఇంకులో పాడవకుండా కలిపేదేదో వాటిని చంపి ఉండాలి. సీసా మీద ఏం కలిపారో రాయలేదు. ఆరు గుడ్లూ ఆ ఇంకుకే బలి, పొరపాటు మాత్రం నాదే, ముందు ఒకదానితో పరీక్షించాల్సింది.

చూడటానికి ఏమీ లేదు కాబట్టి సాయంత్రం వరండాలో కూర్చుని అక్కడ జరిగేదేమిటో ఆ పిల్లకు కాగితం మీద చెప్పాను.

ఆ గీత పేరు ఆదిమ రేఖ. పై పొర కణాలు వరసగా దానిలోంచి దిగి, లోపల అటూ ఇటూ, ముందుకు పాకుతాయి. గుండె కాబోయేవి తొందరగా దిగేవాళ్లలో ఉంటాయి. పాకి పాకి గీతకు కుడి ఎడమల, ముందు వైపున రెండు మచ్చలుగా కూర్చుంటాయి. కోడిపిండంలో ముక్కలు కోసి వేరేచోట నాటి చూసి, ఏ ముక్క గుండె అవుతుందో మేరీ రాల్స్ 1943లోనే పటం గీసింది. అవి కూర్చున్న చోట కింద ఇంకో పల్చటి పొర ఉంటుంది. గుండె కాబోయే కణాలను కూర్చోబెట్టి ఒప్పించేది ఆ కింది పొర. 1995లో షుల్ట్‌హైస్, సహచరులు ఒక గమ్మత్తు చేశారు: రేఖ వెనక భాగం నుంచి, మామూలుగా గుండె కాని ముక్క తీసుకుని, ముందువైపు కింది పొరతో జతచేసి ఉంచారు. అది గుండె కండరమైంది. కింది పొర నుంచి వచ్చే సంకేతాల్లో బీఎంపీ ప్రోటీన్లు ముఖ్యమని రెండేళ్ల తర్వాత వాళ్లే చూపించారు.

ఒప్పించడం ఒక్కటే చాలదు. వెనక నుంచీ, వెన్ను కాబోయే చోటు నుంచీ వింట్ అనే సంకేతాలు వస్తుంటాయి. ఈ దశలో అవి 'వద్దు' అంటాయి. ముందువైపు కింది పొర ఆ వింట్‌ను పట్టి ఆపే ప్రోటీన్లు కూడా వదులుతుంది. కోడిలోనూ కప్పలోనూ 2001లో ఇది తేలింది. విచిత్రమేమిటంటే, అంతకుముందు కొంచెం సేపు ఇదే వింట్ లేనిదే ఆ కణాలు దిగవు కూడా. ముందు కావాలి, తర్వాత ఉండకూడదు. ఇప్పుడు మూలకణాల నుంచి డిష్‌లో మనిషి గుండె కండరం చేసేవాళ్లు చేసేదీ ఇదే: ఒక మందుతో వింట్‌ను రేపుతారు, కొన్ని రోజులకు ఇంకో మందుతో ఆపుతారు, వారం పది రోజుల్లో డిష్ అదరడం మొదలవుతుంది.

అందరూ ఒకేసారి రారు. మొదట వచ్చిన కణాలు గొట్టం కట్టేస్తాయి. తర్వాత వచ్చేవి ఆ గొట్టం రెండు కొనలకూ వచ్చి చేరుతూనే ఉంటాయి. ఇలా రెండో వరస ఒకటుందని 2001లో గానీ రూఢి కాలేదు. మొదటి బంతి, రెండో బంతి అన్నాను. ఎలుకల్లో చూస్తే, మొదటి బంతిలో లేచింది ముఖ్యంగా ఎడమ జఠరిక. కుడి జఠరికా, బయటికెళ్లే గొట్టమూ, కర్ణికల్లో చాలా భాగమూ రెండో బంతివి. "రెండో బంతికి వడ్డన మారుతుంది కదా మేడం" అంది. మారుతుంది. అందుకే ఒకే గుండెలో ఇన్ని రకాల కణాలు.

మే 25

చెప్పిందంతా కాగితం మీద. చేతికి అందేదేమైనా ఉందా? ఉంది: గుండె అవుతుందని పటంలో ఉన్న ముక్కను కోసి, విడిగా ఉంచి చూడటం.

సరంజామా: ఆర్ఎల్ సెలైన్ సీసా, ఇన్సులిన్ సూదులు, పెట్రి డిష్‌లు. పిండాన్ని ఉంచడానికి అగర్, తెల్లసొన కలిపిన మెత్తటి పరుపు కావాలి. అగర్ కోసం వెతకనక్కరలేదు, వంటింట్లో చైనా గ్రాస్ ఉంది, అమ్మ స్వీటు కోసం తెచ్చినది. అది కాచి, చల్లార్చి, అదే గుడ్ల పల్చటి తెల్లసొన కలిపితే గడ్డకట్టింది. మొదటి రెండు డిష్‌లు మర్నాటికి కంపు కొట్టాయి. చేతులు స్పిరిట్‌తో కడిగి, స్టవ్ మంట పక్కన పనిచేశాక నిలిచాయి.

తలమడత (తల కాబోయే చోటి మడత) వచ్చి, 3 లేదా 4 సోమైట్లున్న ఆరు పిండాలు. వడపోత కాగితానికి చిల్లు కోసి, దాన్ని పిండం చుట్టూ అద్ది, కత్తిరించి తీస్తే పిండం కాగితంతో పాటు వస్తుంది. తిరగేసి, కింది పొరతో సహా ముందువైపు కుడి ఎడమల నుంచి పిండానికి రెండేసి ముక్కలు, మొత్తం 12. వెనక భాగం నుంచి ఒక్కోటి, మొత్తం 6, పోల్చుకోవడానికి. ఒక్కో ముక్క గసగసాల గింజంత. సూది పట్టుకున్న నా చెయ్యి వణుకుతుంటే ఆ పిల్ల తీసుకుని చకచకా కోసేసింది. వాళ్ల నాన్న టైలరట.

మే 26

రాత్రి రెండు గంటలు కరెంటు లేదు. ఇన్వర్టర్ మీద ఫ్రిజ్, పెట్టె. అమ్మకు ఫ్యాను లేదు. ఈ పాపం నాదే.

పొద్దున ఏడింటికి చూశాం. ముందు ముక్కలు పన్నెండింటిలో ఐదు అదురుతున్నాయి. వెనక ముక్కలు ఆరింటిలో ఒక్కటీ కాదు. ఆ ఐదు ముక్కల్లో గొట్టం లేదు, వంపు లేదు, గదులు లేవు, తల లేదు, శరీరమే లేదు. చైనా గ్రాస్ మీద పడున్న గసగసాల గింజ. అయినా అదురుతోంది. కోసేటప్పుడు దానిలో కదిలేదేమీ లేదు, కానీ నిర్ణయం అప్పటికే లోపల ఉంది.

ఇంకా లేతవి, సోమైట్లే రానివి, నాలుగు పిండాల నుంచి 8 ముక్కలు కోశాం. మర్నాడు చూస్తే వాటిలో ఒక్కటే అదిరింది. కింది పొర నుంచి సరిపడా సంకేతం అందక ముందే వేరుచేశామా, లేక నలిగి చచ్చాయా? నా డిష్ ఆ తేడా చెప్పదు. బతికున్నాయో లేదో తేల్చే రంగు నా దగ్గర లేదు. కాబట్టి ఈ 8ని లెక్కలో చూపను.

"నిర్ణయం" అని రాశాను గానీ, ఆ మాట మీద కొంచెం అనుమానం ఉంది. శరీర కండరానికైతే ఒక్క జన్యువు చాలు, 1987లో కనిపెట్టిన మయోడీని చర్మకణంలో పెడితే అది కండరం దారి పడుతుంది. గుండెకూ అలాంటిది ఉంటుందని వెతికారు. పండుఈగలో ఒకటి దొరికింది, అది లేకపోతే గుండే ఉండదు. గుండె లేని రేకు మనిషి కథను బట్టి దానికి టిన్‌మ్యాన్ అని పేరు పెట్టారు, 1993లో రోల్ఫ్ బోడ్మర్ దాని పని చూపించాడు. ఎలుకలో దాని అక్కచెల్లెలు ఎన్‌కేఎక్స్2-5. దాన్ని తీసేసి చూస్తే గుండె గొట్టం కట్టింది, కొట్టుకుంది కూడా. వంపు తిరగలేక అక్కడ ఆగింది. ఒక్కడి పెత్తనం లేదు. 2010లో మామూలు కణాలను గుండె కణాల్లాంటివిగా మార్చగలిగినప్పుడు మూడు కావాల్సి వచ్చాయి: గాటా4, మెఫ్2సి, టీబీఎక్స్5. ఒకదాన్నొకటి తెరుచుకుంటూ, పట్టి ఉంచుకుంటూ. సంతకం ఒకరిది కాదు, పంచాయతీ తీర్మానం.

మే 29

రోహిణి కార్తె వేడి. పెట్టె బల్బులు తీసేశాను, ఇప్పుడు ఐసు సీసా పెట్టి చల్లబరుస్తున్నాం.

ఈసారి గుండె కాబోయే ఒకే మచ్చలో ముందు సగం, వెనక సగం వేరుగా కోశాం. ముందు సగం జఠరిక వైపుది, వెనక సగం కర్ణిక వైపుది. 1988లో డీహాన్ బృందం చూపినదాని ప్రకారం వెనక ముక్కలు వేగంగా కొట్టుకోవాలి, గొట్టం కట్టకముందు కోసినా సరే. వెనకవైపు కర్ణిక గుణం రావడంలో విటమిన్ ఏ నుంచి తయారయ్యే రెటినోయిక్ ఆమ్లానికి పాత్ర ఉంది; లేత పిండానికి అది ఎక్కువైతే కర్ణిక గుణం ముందుకు పాకుతుంది. అంటే 'గుండె' అన్నది ఒక ఒప్పందం, 'ఏ గుండె' అన్నది దాని వెనకే వస్తున్న ఇంకో ఒప్పందం.

మాకు అదిరినవి ముందువి మూడు: 36, 41, 40. వెనకవి రెండు: 58, 66. అన్నీ 37 డిగ్రీల దగ్గర. ఐదు ముక్కలతో ఏమీ రుజువు కాదని ఆ పిల్లకు రెండుసార్లు చెప్పాను. ఆమె అయినా నోట్సులో గీత గీసి పెట్టుకుంది. నేనూ గీశాను.

మే 30

డిష్ జరిపేటప్పుడు నిన్నటి 66 ముక్క జారి 40 ముక్క పక్కన పడింది. విడదీద్దామంటే కాలేజీ నుంచి ఫోను, మర్చిపోయాను.

సాయంత్రం చూస్తే రెండూ అంటుకున్నాయి. మధ్యలో అతుకు సన్నటి గీతలా కనిపిస్తోంది. ఆ పిల్ల ఒకదాన్ని, నేను ఇంకోదాన్ని చూస్తూ విడివిడిగా లెక్కపెట్టాం, ఒకరిది ఒకరికి చెప్పకుండా.

ఆమె 64 అంది. నాదీ 64.